పదిహేడో నంబరు కోటు

ఉదయం తొమ్మిదయింది. పదకొండింటికి కోర్టులో కేసు. ఆ కేసుకు ప్రాణంలాంటి సాక్ష్యం పడగ్గది తలుపు గడియ పెట్టుకుని, చొక్కా విప్పేసి, నిలువుటద్దం ముందు నుంచుని ఉంది.

ఆ సాక్ష్యం, కేసు వాదిస్తున్న లాయరమ్మ మొగుడు.

ఆమె తలుపు కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఇంట్లో ఎవరో పోయినప్పటి గొంతుతో లోపల్నుంచి మాట వచ్చింది.

"నిజమే. ఎడమది కిందికే ఉంది."

వీధిలో అతన్ని అందరూ నిటారు అంటారు. అసలు పేరు స్కూలు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పదిహేనేళ్ళుగా డ్రిల్లు టీచరు. రోజూ పొద్దున్నే ఆరొందలమంది పిల్లల ముందు నుంచుని భుజాలు సమానంగా పెట్టమని అరవడం అతని ఉద్యోగం. వంకరగా నిలబడ్డవాణ్ణి ముందుకు పిలిచి, తన పక్కన నిలబెట్టి, నన్ను చూసి నేర్చుకో అనేవాడు. అలాంటివాడికి నలభయ్యో ఏట, అదీ నిన్న రాత్రి భోజనాల దగ్గర, తన ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందికి ఉందని తెలిసింది.

"పెళ్ళయిన తొమ్మిదేళ్ళుగా నీకు తెలుసా?" అన్నాడు లోపల్నుంచి.

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"అటు ఒత్తిగిలి పడుకుంటారుగా. అందువల్లే అనుకున్నా."

లోపల అతను పదిహేనేళ్ళలో ఎంతమంది పిల్లల్ని పక్కన నిలబెట్టుకున్నాడో లెక్కేసుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. లెక్క తేలినట్టుంది. తను రాననీ, వేరే సాక్ష్యం చూసుకోమనీ చెప్పాడు.

ఇదంతా నిన్న సాయంత్రం కిటికీ అద్దం దగ్గర మొదలైంది.

ఆమె మామగారు కటింగ్ మాస్టరు. నలభై ఏళ్ళుగా పేపర్ కటింగులు గీసి అమ్ముతున్నారు. బట్ట మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసుకుని కత్తిరించుకునే కాగితపు కొలతలవి. ఖాకీ కవరు, దాని మీద ఒక నంబరు, అంతే. కొత్తగా మిషను కొన్నవాళ్ళెవరైనా దారం తరవాత కొనేది ఆ కవరే. ఆ కటింగుల్నే ఒక పెద్ద కంపెనీ రంగురంగుల పెట్టెల్లో పెట్టి, ఇవి తమ సొంత పరిశోధన అని గోడలనిండా ప్రకటనలు వేసింది. కోడలు కోర్టుకెక్కింది. రెండు నెలల కిందట ఆ పెట్టెల అమ్మకం మీద తాత్కాలికంగా స్టే తెచ్చింది. దాన్ని ఉంచాలో ఎత్తెయ్యాలో ఇవాళ తేలుతుంది. ఎత్తేస్తే మాస్టరుగారి దుకాణం షట్టరు ఇంక లేవదు.

కంపెనీ వాదన ఒక్కటే, కానీ మహా గట్టిది. రెండువేలమంది పిల్లల్ని కొలిచి సగటు తీశాం, మనుషుల ఒంటి కొలతలు ఎవడి అబ్బసొత్తు అని. సరైన కొలత ఎవరు తీసినా ఒకటే వస్తుంది కాబట్టి చట్టం కూడా అటే తలూపేలా ఉంది.

నిన్న సాయంత్రం ఏ దారీ తోచక, మామగారి పదిహేడో నంబరునూ కంపెనీవాళ్ళ పదిహేడో నంబరునూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించింది. పదిహేడంటే ఆరేళ్ళ పిల్లాడి కోటు. గీత మీద గీత పడింది. అందులో వింతేమీ లేదు. ఊరికే, చేతులు ఊరుకోక, కాగితాన్ని నడిమికి మడిచింది. భుజం మీద భుజం పడలేదు. ఎడమది అరంగుళం కింద ఉంది.

కంపెనీవాళ్ళది మడిచింది. అందులోనూ అంతే.

సరైన కొలత అందరిదీ కావచ్చు. తప్పు మాత్రం చేసినవాడి సొంతం. రెండువేలమంది పిల్లల్లో ఒక్కడికి కూడా కుడి భుజంతో సమానంగా ఎడమ భుజం లేదని ఏ కంపెనీ చెప్పుకోగలదు?

కాగితాలు పట్టుకుని పరుగున మామగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడైనా పెట్టుకోకుండా, తన చేతిలో తప్పు రాదన్నారు. నలభై ఏళ్ళ చేతిని నిన్నగాక మొన్న నల్లకోటు వేసుకున్న పిల్ల తప్పుపట్టడమా అన్నారు. అన్నం వద్దన్నారు. పడుకున్నారు.

అప్పుడు, బొత్తాలు కుడుతున్న అత్తగారు తలెత్తకుండానే అంది. "తప్పేమిటే? అది మనవాడి కోటు."

పుట్టుకతోనే వాడి ఎడమ భుజం కాస్త కిందికుందనీ, స్కూల్లో ఫొటో తీయించుకోవడానికని వాళ్ళ నాన్న వాడి ఒంటికి సరిపడా కటింగు గీశాడనీ, అప్పట్నుంచీ ఏ చొక్కా కుట్టినా ఎడమవైపు లోపల ఒక పొర గుడ్డ ఎక్కువ పెట్టి సర్దేస్తున్నాడనీ చెప్పి, దారం కొరికింది.

అన్నంలో చెయ్యి పెట్టిన నిటారు ఆ చెయ్యి మళ్ళీ తీయలేదు. అన్ని చొక్కాలకూ లోపల ఆ పొర ఉంటుందనే అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

తొమ్మిదింబావు అయింది. లాయరమ్మ బతిమాలింది, బెదిరించింది. సమను పంపిస్తానంది. మొగుడికి సమను పంపే పెళ్ళాం ఎక్కడైనా ఉందా అని లోపల్నుంచి వచ్చింది. చివరికి అత్తగారు వచ్చి కోడల్ని పక్కకు జరిపి, తలుపుకు నోరు ఆనించింది.

"ఒరేయ్, ఇన్నేళ్ళూ ఆరొందలమంది నిన్ను చూసి నిలబడ్డారు. ఒక్కడన్నా పక్కకు ఒరిగి పడ్డాడా?"

గడియ తీసిన చప్పుడైంది. నిటారు బయటికి వచ్చాడు. కొత్త చొక్కా, దాని మీద కోటు, ఎడమవైపు లోపల ఒకటి కాదు, రెండు పొరలు. మొహం మాత్రం ఉరికంబానికి నడుస్తున్నవాడిలా ఉంది. అందరి ముందూ చొక్కా విప్పేది లేదని ముందే చెప్పాడు. జడ్జిగారి గదిలో అయితే చూద్దామన్నాడు.

బయల్దేరేటప్పుడు మరో చిక్కు వచ్చింది. అత్తగారు చేతిసంచీ భుజాన తగిలించుకుని అందరికన్నా ముందు కారులో కూర్చుంది. ఇంటికి తాళం ఎవరు వేస్తారంటే తాళం చూపించింది. కోర్టులో ఉక్కగా ఉంటుందంటే విసనకర్ర చూపించింది. మాస్టరుగారు ఎండనీ మోకాళ్ళనీ మెట్లనీ ఒక్కొక్కటే గుర్తు చేశారు. తన కొడుకు భుజం కోర్టుకెక్కుతుంటే తను ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టుకోవాలా అని ఆవిడ అడిగింది.

దారిపొడుగునా మాస్టరుగారికి ఒకటే పని. జేబులోని టేపు తీయడం, చుట్టడం, మళ్ళీ తీయడం.

కోర్టు మెట్ల దగ్గర ఆయన కోడలి చెయ్యి పట్టుకుని స్తంభం చాటుకు తీసుకెళ్ళారు.

"అమ్మాయ్, ఆ పదిహేడు వదిలెయ్. మిగతా ముప్ఫైతొమ్మిది ఉన్నాయి."

"మిగతా వాటిలో తప్పుల్లేవు మామయ్యగారూ. అదే మన ఖర్మ."

"తప్పొప్పుకోమంటే ఒప్పుకుంటాను. నాకు చేతకాలేదని బోర్డు రాసి మెళ్ళో వేసుకోమన్నా వేసుకుంటాను. ఆ భుజం సంగతి మాత్రం ఎత్తకు."

నిన్న రాత్రి తప్పే లేదన్న మనిషి ఇంత తేలిగ్గా దిగివచ్చేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. లాయర్లకు అనుమానం రావడానికి ఇంత కూడా అక్కర్లేదు. అత్తయ్య పుట్టుకతో వచ్చిందని చెప్పింది కదా, అందులో దాచడానికేముందని అడిగింది.

మాస్టరుగారు అటూ ఇటూ చూశారు. దూరంగా, బల్ల మీద కూర్చుని అత్తగారు విసురుకుంటోంది.

"పుట్టుకతో రాలేదు," అన్నారు.

అప్పుడు మొత్తం చెప్పారు. పిల్లాడికి ఆరేళ్ళు. ఆవిడ వాణ్ణి ఆయనకు అప్పజెప్పి బజారుకు వెళ్ళింది. కటింగు బల్ల మీద, బట్టల గుట్ట మీద వాడు నిద్రపోయాడు. ఇంతలో ఎవరో వచ్చారు. ఆయన టేపు మెళ్ళో వేసుకుని ముందు గదిలోకి వెళ్ళారు. వెనక దబ్బుమని చప్పుడు. వెళ్ళి చూస్తే పిల్లాడు నేల మీద కూర్చుని సుద్దముక్క నములుతున్నాడు. ఏడవలేదు కూడా. సరే అనుకున్నారు. రెండో రోజు స్నానం చేయిస్తుంటే భుజం చూశారు.

"అత్తయ్యకు ఏం చెప్పారు?"

"పుట్టినప్పట్నుంచీ ఇలాగే ఉందేమో, మనం చూసుకోలేదేమో అన్నాను. అవును, ఇలాగే ఉంది అంది. వెంటనే అంది. నా అదృష్టం."

ఆ రాత్రే కూర్చుని వాడి ఒంటికి సరిపడా కోటు కటింగు గీసి, గోడకున్న మేకుకు తగిలించారు. మర్నాడు ఆయన లేని వేళకు కటింగులు అచ్చువేసే అచ్చాఫీసు మనిషి వచ్చి, కొత్తగా వెయ్యాల్సిన పదిహేడో నంబరు ఏదంటే, కొట్లో ఎవరో మేకు మీది కాగితం తీసి ఇచ్చారు. చూసుకునేసరికి అయిదొందల కవర్లు వెళ్ళిపోయాయి. దిద్దాలంటే ఎందుకు దిద్దుతున్నావని ఇంట్లో అడుగుతారు. అందుకని దిద్దలేదు.

"ముప్ఫైనాలుగేళ్ళలో కొన్నవాళ్ళెవరూ అడగలేదా?"

"కుట్టేవాళ్ళు మంచివాళ్ళమ్మా. ఎక్కడ తేడా వచ్చినా తమ చేతి తప్పే అనుకుంటారు."

నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి అంటారే, అది ఆమెకు వచ్చింది. పెద్ద కంపెనీ ఈయన్ని దోచుకుంది. పట్టుకోవడానికి చేతిలో ఒకే ఒక్క ఆధారం ఉంది. ఆ ఆధారం పెళ్ళానికి భయపడి స్తంభం చాటున నుంచుని ఉంది. దుకాణం పోయినా సరే, ఆవిడకు తెలియకూడదంటోంది.

"మీ అత్తయ్యను ఏదో వంకతో బయట కూర్చోబెట్టు. అలా అయితే చెప్తాను," అన్నారు చివరికి.

వంకలు పుట్టించడం లాయరు పని. అత్తయ్యా, గుమ్మం దగ్గర మన చెప్పులు కాస్త చూస్తారా అంది. ఇక్కడ చెప్పులు విప్పక్కర్లేదని రాసి ఉంది చూడు అంది అత్తగారు. వచ్చి మూడో బల్ల మీద, కిటికీ పక్కన కూర్చుంది.

కేసు పిలిచారు.

కంపెనీ తరఫు లాయరుకు దగ్గు లాయరని పేరు. గట్టి అబద్ధం చెప్పేముందు ఒకసారి, మరీ గట్టిదైతే రెండుసార్లు దగ్గుతాడు. ఆయన లేచి, రెండుసార్లు దగ్గి, రెండువేలమంది పిల్లల సంగతి చెప్పాడు. వెనకాల కంపెనీ డిజైనరు బుద్ధిగా తలూపాడు.

లాయరమ్మ మాటలతో కాలయాపన చెయ్యలేదు. రెండు కాగితాలూ జడ్జిగారికిచ్చి, కాస్త ఆ కిటికీ దగ్గర పట్టుకుని మడిచి చూడమని మనవి చేసింది. జడ్జిగారు కుర్చీ దిగి కిటికీ దగ్గరికి నడిచారు. కోర్టంతా మెడలు సాచింది. ఆయన మడిచారు, విప్పారు, మళ్ళీ మడిచారు.

"రెండువేలమందికీ ఎడమ భుజం కిందికే ఉందా?" అని డిజైనర్ని అడిగారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డిజైనరు చెయ్యి దానంతటది వెళ్ళి ఎడమ భుజం మీద వాలింది. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు లాయరమ్మ తన సాక్ష్యాన్ని పిలిచింది. నిటారు వచ్చి నుంచున్నాడు. ఇతని ఒంటికి గీసిన కాగితమే ఇదని చెబితే, వాది లాయరూ సాక్షి భార్యా ఒక్కరే అయినప్పుడు ఎవరి టేపుతో కొలుస్తారని దగ్గు లాయరు వెటకారం చేశాడు. జడ్జిగారికి ఆ మాట సబబుగానే తోచింది. కోర్టు ఎదురుగా నల్లగౌన్లు కుట్టే టైలర్ని పిలిపించమన్నారు.

గౌన్ల టైలరు చెవి వెనక సుద్ద అలాగే ఉండగా వచ్చాడు. లాయర్లందరి నడుములూ తెలిసిన మనిషి. అందుకే ఎవరికీ భయపడడు. నిటారును జడ్జిగారి గదిలోకి తీసుకెళ్ళాడు. తలుపు మూసుకుంది. రెండు నిమిషాలయ్యాక ఇద్దరూ బయటికి వచ్చారు. నిటారు చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నాలుగు నూళ్ళు తక్కువండి ఎడమది," అన్నాడు గౌన్ల టైలరు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాలుగు నూళ్ళంటే అచ్చంగా అరంగుళం. అంతటితో ఊరుకోకుండా, చొక్కా లోపలి పొర పనితనం చూశాననీ, అలా సర్దగల చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉందనీ మాస్టరుగారివైపు తిరిగి నమస్కారం పెట్టాడు.

మాస్టరుగారు పొంగిపోయి ఉండాల్సిన క్షణం. ఆయన మూడో బల్లవైపు చూస్తున్నారు.

దగ్గు లాయరు ఈసారి దగ్గలేదు. అంటే నిజమే మాట్లాడబోతున్నాడన్నమాట. లాయరమ్మకు భయం వేసింది.

సాక్షి భుజం ఇవాళ కిందికి ఉందని ఒప్పుకుంటానన్నాడు. ముప్ఫైనాలుగేళ్ళ కిందట, ఆ కాగితం గీసిననాడు కూడా అలాగే ఉందని రుజువేమిటన్నాడు. డ్రిల్లు చేయించే మనిషి, పోయినేడు ఎక్కడో జారి పడి ఉండకూడదా? కంపెనీ పెట్టె చూశాక ఈ కోటు కథ అల్లి ఉండకూడదా? భుజం ఎప్పుడు ఎలా దిగిందో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ప్రమాణం చేసి చెప్పమనండి అని కూర్చున్నాడు.

జడ్జిగారు లాయరమ్మను చూశారు. ఆమె మామగారిని చూసింది.

మాస్టరుగారు బోనులోకి ఎక్కారు. ప్రమాణం చేశారు. టేపు జేబులో పెట్టుకున్నారు.

"నా వల్లే అయింది," అన్నారు. జడ్జిగారికి వినపడలేదు. గట్టిగా చెప్పమన్నారు. అప్పుడు ఆయన మొత్తం చెప్పారు. బట్టల గుట్ట, ముందు గదిలోకి వచ్చిన మనిషి, దబ్బుమన్న చప్పుడు, సుద్దముక్క. భార్య తనను నమ్మి పిల్లాణ్ణి వదిలి వెళ్ళిందనీ, తను చూసుకోలేకపోయాననీ, పుట్టుకతోనే అలా ఉందేమోనని ఆమెతో అన్నాననీ, అసలు సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదనీ అన్నారు. మాటల మధ్య ఒక్కసారి కూడా మూడో బల్లవైపు తల తిప్పలేదు. బోను కర్ర మీద మాత్రం, కొలుస్తున్నట్టు, జేనలు వేస్తున్నారు.

నిటారు నోరు తెరుచుకుని తండ్రిని చూస్తున్నాడు. సుద్దముక్క తిన్న సంగతి కూడా అతనికి కొత్తే.

జడ్జిగారు కలం చేతిలోకి తీసుకున్నారు. రాయబోతున్నారు. స్టే నిలబడినట్టే. లాయరమ్మ కాగితాలు సర్దబోయింది.

మూడో బల్ల కిర్రుమంది.

అత్తగారు లేచి నుంచుంది.

"అది కాదండీ జరిగింది," అంది.

జడ్జిగారు మధ్యలో మాట్లాడకూడదమ్మా అన్నారు. తెలుసండీ అంది ఆవిడ. తెలుసంటూనే మాట్లాడింది.

"ఆయన చెప్పింది అబద్ధం కాదు. పిల్లాడు బల్ల మీంచి పడే ఉంటాడు. కానీ అంతకు నాలుగు రోజుల ముందే వాడి భుజం అలా ఉంది. అది ఎలా అయిందో నాకు తెలుసు."

మాస్టరుగారి మొహంలోకి ముందు వెలుగు వచ్చింది. ముప్ఫైనాలుగేళ్ళ మూట ఎవరో దించినట్టు నడుము నిటారుగా లేచింది. మరుక్షణంలోనే కనుబొమలు ముడిపడ్డాయి. పుట్టుకతోనే ఇలా ఉందేమో అని తనన్నప్పుడు ఈవిడ వెంటనే అవునని ఎందుకంది? ఆ ప్రశ్న ఆయనకు ఇన్నేళ్ళలో మొదటిసారి పుట్టిందని దూరంనుంచే కోడలికి కనపడింది.

దగ్గు లాయరు స్ప్రింగులా లేచాడు. వాది ఇంట్లోనే ఒక భుజానికి మూడు కథలున్నాయన్నాడు. ఒకరు పుట్టుకతో వచ్చిందన్నారట, ఒకరు బల్ల మీంచి పడ్డాడన్నారు, ఇప్పుడు మూడోది వినిపించేలా ఉంది. ఏ కథ నమ్మి తన కంపెనీ పెట్టెల్ని ఆపాలి? ఈ అమ్మగారిని కూడా బోనెక్కించి ప్రమాణం మీద చెప్పమనండి. అప్పుడు కానీ నిజం బయటపడదు.

జడ్జిగారు కలం కింద పెట్టేశారు.

"మీకేమైనా అభ్యంతరమా?" అని లాయరమ్మను అడిగారు.

జవాబు తనకు తెలియని ప్రశ్న సాక్షిని అడగనివ్వకూడదని ఆమెకు పని నేర్పిన సీనియరు వందసార్లు చెప్పాడు. అభ్యంతరమంటే ఏదో దాస్తున్నామని స్టే ఎగిరిపోతుంది. లేదంటే, అత్తగారి నోట్లోంచి ఏం వస్తుందో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. మామగారిని చూసింది. ఆయన బోను దిగడం మరిచిపోయి పెళ్ళాన్నే చూస్తున్నారు. మొగుణ్ణి చూసింది. అతను ఎడమ భుజాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని ఉన్నాడు, ఇంకెన్ని సంగతులు బయటికొస్తాయో అన్నట్టు.

"అభ్యంతరం లేదు," అంది.

అత్తగారు బల్లల మధ్యనుంచి నింపాదిగా నడిచి వచ్చింది. కోడలి ముందు ఆగి, చేతిసంచీ తీసి కేసు కాగితాల మీద పెట్టింది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"కంగారుపడకు. కేసు పోదు," అంది. "ఇంటి సంగతే చెప్పలేను."

బోనెక్కి, ప్రమాణానికి చెయ్యి చాపింది.